కాటారం చౌరస్తాలో చీరల బేరం

కాళేశ్వరం యాత్రకు బయల్దేరేటప్పుడు ఏమేం సర్దుకోవాలో మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఒకటికి పదిసార్లు చెబుతారు. పసుపు, కుంకుమ, నువ్వులు, బియ్యప్పిండి, తాగే నీళ్ళు, పిల్లలకు కాసిని జంతికలు. ఇన్ని సర్దినా సాధారణంగా లెక్క తప్పేది బట్టల దగ్గరే. గోదావరిలో మునిగితే ఒక జత తడుస్తుంది. ప్రాణహిత కలిసేచోట మళ్ళీ మునగాలని పిల్లలు మారాం చేస్తే ఇంకో జత. పితృకార్యం ఉన్నవాళ్ళకు కొత్త ధోవతి, తువ్వాల కావాలి. బ్రాహ్మణుడికి వస్త్రదానం చేయాలి. గుళ్ళో శుభానందాదేవి అమ్మవారికి రైకముక్క అయినా పెట్టకుండా వస్తే మన మనసు ఊరుకోదు. ఇన్నింటికీ లెక్క వేసి తెచ్చుకునేవాళ్ళు నూటికి పదిమంది ఉంటారేమో!

మిగతా తొంభై మందికి దారిలో దొరికే ఊరు కాటారం. వరంగల్ వైపు నుంచి వెళ్ళేవాళ్ళకు పరకాల, భూపాలపల్లి దాటాక వస్తుంది. అక్కడినుంచి మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం ముప్పై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. బండి ఆపి టీ తాగే వ్యవధిలో బట్టలు కొనుక్కోవచ్చు. అయితే కాటారంలో బట్టలు కొనడం టీ తాగినంత సేపట్లో అయ్యే పని కాదు. ఎందుకో చెబుతాను.

నాలుగు దారుల కూడలి

కాటారం పేరు పెద్దదే గానీ ఊరు చిన్నదే. మండల కేంద్రానికి గుండెకాయ గారెపల్లి చౌరస్తా. ఒక దారి మంథనికి, ఒక దారి మహదేవపూర్, కాళేశ్వరాలకు, ఒకటి భూపాలపల్లికి, ఇంకొకటి అడవిలోంచి మహాముత్తారం వైపుకు పోతాయి. మేడారం జాతర జరిగే ఏడాది మంథని వైపు జనం ఇదే దారిన అడవిలో పడి సమ్మక్క సారలమ్మల దగ్గరికి పోతారు. మహారాష్ట్రలోని సిరోంచ నుంచి గోదావరి వంతెన దాటి వచ్చే 353సి జాతీయ రహదారి కూడా ఈ చౌరస్తా మీదుగానే వరంగల్ వైపు సాగుతుంది. అందుకే ఇక్కడి దుకాణాల్లో తెలుగుతో పాటు మరాఠీ మాటలు కూడా చెవిన పడుతుంటాయి.

ఒకప్పుడు ఇది కరీంనగర్ జిల్లా. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వచ్చింది. ఊళ్ళోవాళ్ళు పాత అలవాటు కొద్దీ ఇప్పటికీ "మాది మంథని తాలూకా" అంటుంటారు. శాసనసభ ఎన్నికలకు మాత్రం ఇప్పటికీ అది మంథని నియోజకవర్గమే.

ఈ దారి అంటే భయపడే రోజులూ ఉండేవి. 1990లలో ఇది నక్సలైట్లు, పోలీసుల మధ్య నలిగిన అడవి. మాజీ శాసనసభాపతి దుద్దిళ్ల శ్రీపాదరావు గారిది ఈ మండలంలోని ధన్వాడే. ఆయన 1999 ఏప్రిల్ 13న ఇక్కడి అడవుల్లోనే నక్సలైట్ల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజుల్లో ఆడవాళ్ళం తీరిగ్గా కూర్చుని చీరలు చూసుకోవడానికి ఈ దారిన రావడమన్నది ఊహలో కూడా లేని మాట. ఇవాళ కాళేశ్వరం బస్సు ఎక్కితే నిండా ఆడవాళ్ళే. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్ళకు టిక్కెట్టు డబ్బు లేదు. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టిక్కెట్టు చేతిలో పెడతారు. మిగిలిన ఆ డబ్బు ఏమవుతుందంటారా? నిజం చెప్పొద్దూ, రైకముక్కల్లోకి పోతుంది!

పరుపు మీద కూర్చుని

చౌరస్తాకు అటూ ఇటూ ఉన్న బట్టల దుకాణాల్లో కొన్నింటికి గాజు తలుపులు వచ్చాయి. బొమ్మలకు చుడీదార్లు తొడిగి వాకిట్లో నిలబెట్టారు. నాకు నచ్చింది మాత్రం పాత పద్ధతి దుకాణం. లోపలికి అడుగు పెట్టే ముందు చెప్పులు విడవాలి. నేలంతా పరుపులు, వాటిమీద తెల్ల దుప్పటి. గోడలకు పైకప్పుదాకా చెక్క అరలు. ఒక మూల గల్లాపెట్టె, దానిమీద లక్ష్మీదేవి పటం, పటానికి మల్లెచెండు. పొద్దున్నే వేసిన సాంబ్రాణి వాసనా, కొత్త బట్టల గంజి వాసనా కలిసి ముక్కుకు తగులుతాయి.

"రాండ్రి, రాండ్రి, కూసోండ్రి. ఓ పిల్లగా, అమ్మోళ్ళకు మంచినీళ్ళు తే."

ఇది మొదటి మాట. ఏం కావాలన్నది మూడో మాటో నాలుగో మాటో. రెండోది "ఏ ఊరు అమ్మా మనది?" అని. ఊరు చెప్పగానే ఆ ఊళ్ళో వాళ్ళకు తెలిసినవాళ్ళు ఒకరిద్దరు బయటపడతారు. ఆ చుట్టరికం తేలాకగానీ చీరలు కిందికి దిగవు.

పట్నంలో డిపార్ట్‌మెంటల్ స్టోర్ అంటే ఒక్క కప్పు కింద అన్నీ దొరికే చోటు అని కదా మనకు తెలుసు. ఆ లెక్కన ఈ దుకాణం కూడా అదే. ఒక గోడ పొడుగునా చీరలు. ఇంకో గోడకు చొక్కా గుడ్డల తానులు, స్కూలు పిల్లల యూనిఫాం గుడ్డలు. కింది అరల్లో లుంగీలు, తువ్వాలలు, ధోవతులు. అటక మీద చెద్దర్లు, దుప్పట్లు. గాజుపెట్టెలో లంగా నాడాలు, హుక్కులు, ఫాల్ ముక్కలు, దారపు ఉండలు. పుట్టిన బిడ్డకు కుల్లా మొదలుకొని పోయినవాళ్ళ మీద కప్పే తెల్లగుడ్డ దాకా అన్నీ ఆ నాలుగు గోడల మధ్యే. ఇక వాకిట్లో అరుగు మీద దర్జీ ఉండనే ఉంటాడు. లంగాకు నాడా ఎక్కించాలన్నా, చీరకు ఫాల్ కుట్టాలన్నా, పిల్లవాడి లాగు పొట్టి చేయాలన్నా మనం చీరలు చూసేలోపు అయిపోతుంది.

మీటరు బద్దతో గుడ్డ కొలవడం చూస్తుంటే ముచ్చటేస్తుంది. బద్ద చివర బొటనవేలితో నొక్కి పట్టి, గుడ్డను ఒక్క లాగు లాగి, చివర్లో నాలుగు వేళ్ళ గుడ్డ ఎక్కువే వదిలి, కత్తెరతో చిన్న గాటు పెట్టి సర్రున చింపేస్తారు. నేత పోగు వెంట చిరిగిన గుడ్డ కత్తెరతో కోసినదానికన్నా తిన్నగా వస్తుంది. జాకెట్టు కుట్టుకునేవాళ్ళకు ఆ విలువ తెలుస్తుంది.

ధర రాసిన చీటీ, ధర చెప్పే నోరు

చీటీ మీద ధర రాసి, బేరం లేకుండా అమ్మే పద్ధతికి పేరు తెచ్చిన దుకాణాల్లో ప్యారిస్‌లోని బాన్ మార్షే ఒకటి. అరిస్టిడ్ బూసికో అనే వ్యాపారి 1852లో అందులో భాగస్వామిగా చేరి దాన్ని పెద్దది చేశాడు. కొనకపోయినా లోపలికి వచ్చి చూడొచ్చు, తాకొచ్చు, నచ్చకపోతే తిరిగి ఇవ్వొచ్చు అన్నాడు. అప్పటిదాకా అక్కడా మనలాగే దుకాణంలో కాలు పెడితే ఏదో ఒకటి కొనాల్సిందే, బేరం ఆడాల్సిందే. ఫ్రెంచి రచయిత ఎమిలీ జోలా ఇలాంటి దుకాణం మీదే 1883లో ఏకంగా ఒక నవల రాశాడు. పెద్ద అంగడి వెలుగులో పక్క వీధి చిన్న దుకాణాలు ఒక్కొక్కటీ ఎలా ఆరిపోయాయో అందులో ఉంటుంది.

అంత దూరం ఎందుకు, మన హైదరాబాదులో ఆబిడ్స్ ఉంది కదా! ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ దగ్గర దుస్తుల ఆలనా పాలనా చూసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన అక్కడ పెట్టిన దుకాణం వల్లే ఆ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. నిజాం ఒకసారి తొడిగిన బట్ట మళ్ళీ తొడిగేవాడు కాదని, ఆ బట్టలు ఆబిద్ దుకాణం చుట్టూ తిరిగి మళ్ళీ కొత్తవాటిలా నిజాం దగ్గరికే అమ్మకానికి వచ్చేవని ఒక కథ చెప్పుకుంటారు. కథ నిజమో కాదోగానీ, పురానీ హవేలీలో ఆయన బట్టల కోసం కట్టిన పొడవాటి చెక్క బీరువాల వరుసను ఇప్పటికీ చూడొచ్చు.

ఇప్పుడు హన్మకొండ, వరంగల్‌లలో నాలుగంతస్తుల బట్టల దుకాణాలు ఉన్నాయి. ఏసీ చల్లదనం, కదిలే మెట్లు, పెళ్ళికూతురి చీరలకు ఒక అంతస్తు, మగవాళ్ళకు ఒక అంతస్తు. బాగానే ఉంటాయి, నేనూ వెళతాను. బేరం ఆడే బాధ లేదు. అయితే అక్కడ చీర చూపించే అమ్మాయిలు పొద్దస్తమానం నిలబడే ఉంటారు. మనం కూర్చుంటాం, వాళ్ళు నిలబడతారు. కాటారం దుకాణంలో అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఒకే పరుపు మీద ఎదురెదురుగా కూర్చుంటారు. నాకు ఆ తేడా చిన్నదనిపించదు.

కట్టుకునేది ఆమె గదా

కిందటి మాఘమాసంలో మా మామగారి సంవత్సరీకానికి కాళేశ్వరం వెళ్ళాం. మా అత్తమ్మ, మా వారు, మా వదిన, అంటే మా వారి అక్క, మామగారి చెల్లెలు, నేను. మా వారికి మేనత్త అయిన ఆమె మాట మా ఇంట్లో సుగ్రీవాజ్ఞ. బ్రాహ్మణుడికి ధోవతుల చాపు కొనాలని కాటారంలో దిగాం. సంవత్సరం నిండింది కాబట్టి అత్తమ్మకు కూడా ఒక కొత్త చీర తీయాలని వదిన అంది.

దుకాణం నడిపే అతనికి యాభై ఏళ్ళుంటాయి. "ఎవలకమ్మా చీర?" అని అడిగాడు. మేము అత్తమ్మ వైపు చూశాం. అతను కూడా చూశాడు. బొట్టు లేని నుదురు చూసి ఇంకేమీ అడగకుండా కింది అరలోంచి ఓ కట్ట తీశాడు. తెలుపు, బూడిద రంగు, లేత గోధుమ రంగు. సన్నటి అంచు, జరీ లేనివి. అతని తప్పు కూడా ఏమీ లేదు. ఎంతమందికి అలా తీసి ఉంటాడో!

"గా తెల్లదే తియ్యిండ్రి, మంచిగున్నది" అన్నారు మేనత్తగారు. వదిన నా వంక చూసింది. నేను వదిన వంక చూశాను. అత్తమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని దుప్పటి అంచుకేసి చూస్తూ కూర్చుంది.

గల్లాపెట్టె దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. దుకాణం అతని తల్లి. ఆమె నుదుట కూడా బొట్టు లేదు. కట్టుకున్నది మాత్రం మామిడి చిగురు రంగు చీర. లెక్కపెడుతున్న చిల్లర పక్కన పెట్టి అంది:

"కొడకా, నువ్వు ఎవల్ని అడుగుతున్నవ్‌రా? ఆమెను అడుగు. కట్టుకునేది ఆమె గదా."

దుకాణంలో ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. బయట లారీ పోయిన చప్పుడు. అతను కట్టను పక్కకు జరిపి, అత్తమ్మ వైపు తిరిగి "మీకు ఏ రంగు ఇష్టం, అమ్మా?" అన్నాడు.

అత్తమ్మ పెళ్ళై నలభై రెండేళ్ళు. ఉగాదికొకటి, దసరాకొకటి మామగారే చీరలు తెచ్చేవారు. మంచివే తెచ్చేవారు. ఆమె అడిగిందీ లేదు, వద్దన్నదీ లేదు. ఆమెకు ఏ రంగు ఇష్టమో ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఇరవై ఏళ్ళలో నాకూ తెలియదు. ఆమె కాసేపు అరల వైపు చూసింది. తర్వాత చెయ్యి కొద్దిగా పైకెత్తి, "అది... ఆ పచ్చది" అంది.

చిలకపచ్చ నూలు చీర, సన్నటి మెరూన్ అంచు. అతను పరుపు మీద పరిచి కొంగు విప్పాడు. అత్తమ్మ వేళ్ళతో అంచు తడిమింది. మేనత్తగారు ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నారు. ఇక ఇప్పుడు ఏదో అంటారని మేమంతా ఊపిరి బిగబట్టాం.

"ఎంతకిస్తవ్ అది?" అన్నారావిడ, ముఖం తిప్పకుండానే.

"ఏడు వందల ఎనభై, అమ్మా."

"ఏడు వందల ఎనభయ్యా! నూలు చీరకా? ఆరు వందలు జేసుకో. మా వదినెకు తీస్తున్న, ఊకనే గాదు."

పావుగంట బేరం నడిచింది. గల్లాపెట్టె దగ్గర పెద్దావిడా మేనత్తగారూ ఒకరికి ఒకరు తీసిపోలేదు. చివరికి ఆరు వందల యాభైకి తెగింది. మీద ఒక రైకముక్క ఉచితం. ఆ డబ్బు మేనత్తగారే తన కొంగుముడి విప్పి ఇచ్చారు. మా వారు పర్సు తీస్తే చెయ్యి పట్టుకుని వెనక్కి నెట్టారు.

కాళేశ్వరంలో అత్తమ్మ ఆ చీర కట్టుకోలేదు. సంచీలోనే ఉంచింది. ఇంటికొచ్చాక రెండు నెలలకు, పండగా పబ్బమూ ఏమీ లేని ఒక సోమవారం పొద్దున కట్టుకుని కూరగాయలకు వెళ్ళి వచ్చింది. మేమెవరం ఏమీ అనలేదు. వంకాయలు లేతగా ఉన్నాయని మాత్రం చెప్పింది.

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకు ఎన్నో చీరలు పెడతాం. పుట్టింటి చీర, ఒడిబియ్యం చీర, సారె చీర, కర్మకాండల చీర. వాటిల్లో ఎన్నింటిని కట్టుకునే మనిషిని అడిగి తీశాం? ఒక్కసారి లెక్క చూసుకోండి.

మహదేవపూర్ దసలి పట్టు

కాటారం నుంచి కాళేశ్వరం వెళ్ళే దారిలో మహదేవపూర్ వస్తుంది. పట్టు అంటే కంచి, ధర్మవరం, గద్వాల అని లెక్కపెట్టే మనకు ఇది ఒక్కోసారి గుర్తు రాదు. ఇక్కడి నేతవాళ్ళది దసలి పట్టు. టస్సర్ అని పట్నం దుకాణాల్లో పిలిచేది ఇదే.

మామూలు పట్టుపురుగు మల్బరీ ఆకు తిని ఇళ్ళల్లో తట్టల్లో పెరుగుతుంది. దసలి పురుగు అడవిలో పెరుగుతుంది. నల్లమద్ది, ఏరుమద్ది చెట్ల ఆకు దాని తిండి. రైతులు పురుగులను చెట్లమీదికి ఎక్కించి, పిట్టలు, చీమలు తినేయకుండా రాత్రింబగళ్ళు కాపలా కాస్తారు. గోదావరికి అవతల చెన్నూరు, కోటపల్లి వైపు అడవుల్లో గిరిజన కుటుంబాలకు ఇది పాత జీవనాధారం. పురుగు కట్టే గూడు కోడిగుడ్డు ఆకారంలో, గట్టిగా, కొమ్మకు వేలాడే కాడతో ఉంటుంది. ఆ గూళ్ళను సోడా నీళ్ళల్లో ఉడికించి దారం తీస్తారు. ఆ దారానికి పుట్టుకతోనే తేనెరంగు. రంగు అద్దకపోయినా పాతబడిన బంగారంలా మెరుస్తుంది.

ఈ దారం తీసే పనిలో దేశమంతటా ఆడవాళ్ళ కష్టం ఒకటి దాగి ఉంది. చీర తొడమీదికి ఎత్తుకుని, వట్టి తొడమీద దారం రాసి పురి పెట్టడం పాత పద్ధతి. చర్మం కమిలిపోయి పుండ్లు పడేది. ఆ పద్ధతి మాన్పించడానికి కేంద్ర పట్టు మండలి బునియాద్ అనే చిన్న యంత్రాన్ని తయారు చేసి ఆడవాళ్ళకు అందించడం మొదలుపెట్టింది. మనం టస్సర్ చీర కట్టుకుని అద్దం ముందు నిలబడ్డప్పుడు ఆ సంగతి ఒకసారి తలచుకోవాలి.

మహదేవపూర్‌లో నేత తెలిసిన ఇళ్ళు తగ్గిపోతున్నాయి. మగ్గం మీద రోజుల తరబడి కూర్చుంటే వచ్చే కూలి కన్నా వేరే పనిలో ఎక్కువ వస్తుందని పిల్లలు తప్పుకుంటున్నారు. అందుకే చీర ధర చెప్పగానే "అమ్మో!" అనకుండా, ముందు ఆ నేత ఎన్ని చేతులు దాటి వచ్చిందో అడగండి. ఆ తర్వాత బేరం ఆడాలనిపిస్తే ఆడుకోండి.

అసలు పట్టు గుర్తుపట్టడం ఎలా?

చీర కొంగు చివర కుచ్చుల్లోంచి ఒక పోగు తీసి కాల్చి చూడమని అడగండి. అసలు పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. పాలిస్టరయితే కరిగి గట్టి ముద్ద కడుతుంది. టస్సర్ నేత మల్బరీ పట్టులా నున్నగా జారిపోదు, చేతికి కాస్త గరుకుగా, అక్కడక్కడా పోగు లావుగా తగులుతుంది. అది లోపం కాదు, దాని పుట్టుమచ్చ. 2004 నుంచి అసలు పట్టుకు సిల్క్ మార్క్ చీటీ, 2006 నుంచి చేనేతకు హ్యాండ్‌లూమ్ మార్క్ ఇస్తున్నారు. పెద్ద దుకాణంలో కొనేటప్పుడు ఆ చీటీ ఉందేమో చూడండి. నేసిన ఇంట్లోనే కొనేటప్పుడు మగ్గం మీది చీర కళ్ళముందే కనిపిస్తుంది కాబట్టి ఆ బెంగ తక్కువ.

ఇంటికి తెచ్చాక టస్సర్‌ను మొదటిసారి డ్రైక్లీనింగ్‌కే ఇవ్వండి. తర్వాత పలచటి కుంకుడురసంలో ముంచి, పిండకుండా నీడలో ఆరేయొచ్చు. ఇస్త్రీ చేసేటప్పుడు పైన పల్చటి నూలుగుడ్డ పరచండి. బీరువాలో పాత నూలు పంచెలో చుట్టి పెట్టండి, ప్లాస్టిక్ సంచీలో వద్దు. రెండు మూడు నెలలకోసారి మడత మార్చకపోతే మడత దగ్గరే చిట్లుతుంది. సెంటు నేరుగా చీర మీద చల్లకండి.

ఖాతా పుస్తకం

మళ్ళీ బట్టల దుకాణం సంగతికి వస్తే, గల్లాపెట్టె దగ్గర ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఉంటుంది. ఈ చుట్టుపక్కల పత్తి, మిర్చి, వరి పండిస్తారు. ఆడపిల్ల పెళ్ళి మాఘంలో వస్తే, పత్తి పైసలు అప్పటికి చేతికి రాకపోతే, బట్టలు ఖాతాలో రాసుకుని ఇచ్చేది ఈ దుకాణమే. పెద్ద మాల్‌లో కార్డు గీకితేనే బిల్లు. ఫోన్లో కొంటే ముందు డబ్బు, తర్వాత చీర. ఫొటోలో నెమలికంఠం రంగు, విప్పితే ఇంకేదో రంగు. తిప్పి పంపడానికి మళ్ళీ వారం.

ఖాతా అంటే అన్నీ మంచి రోజులే అని కాదు. వానలు తప్పిన ఏడాది బాకీలు వసూలు కావు, దుకాణం నలిగిపోతుంది. అప్పు పేరు మీద ధర నాలుగు డబ్బులు ఎక్కువ వేసే షావుకార్లు కూడా లేకపోలేదు. అందుకే ఖాతాలో రాయించుకునేవాళ్ళు వస్తువూ, ధరా, తేదీ తమ దగ్గర కూడా ఓ చిన్న పుస్తకంలో రాసి పెట్టుకోవడం మంచిది. మన ఆడవాళ్ళ పాలపుస్తకం లెక్కలాగే.

2019 జూన్ 21న మేడిగడ్డ బ్యారేజీ మొదలైనప్పుడు ఈ దారిన చూడవచ్చే జనం పెరిగారు. 2023 అక్టోబరులో దాని పిల్లర్లు కుంగాయి. 2025 మేలో సరస్వతీ పుష్కరాలకు 15 నుంచి 26వ తేదీ వరకు కాళేశ్వరంలో జనసముద్రం. పన్నెండేళ్ళ లెక్కన 2015 తర్వాత గోదావరి పుష్కరాలు 2027లో. జనం వచ్చిన ఏడాది చౌరస్తా కళకళలాడుతుంది. మిగతా ఏళ్ళలో దుకాణాన్ని నిలబెట్టేది చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళిళ్ళూ, మనలాంటి దారిన పోయేవాళ్ళ రైకముక్కలూ.

వెళ్ళేవాళ్ళకు నాలుగు మాటలు

ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే ఎవరెవరికి ఏం కావాలో కాగితం మీద రాసుకోండి. జాకెట్టు ముక్కకు కొలత తెలిసి ఉండాలి. పన్నా తక్కువ ఉన్న గుడ్డయితే మీటరు, వెడల్పుదయితే ఎనభై సెంటీమీటర్లు చాలు. పొడుగు చేతులు కావాలంటే ఇంకాస్త కలుపుకోండి. చీర విప్పించి వెలుతురులో, అంటే వాకిట్లోకి తెచ్చి చూడండి. ట్యూబులైటు కింద రంగు మోసం చేస్తుంది. ముదురు రంగు నూలు చీరయితే తడిచేతి రుమాలుతో అంచు రుద్ది చూడండి, రంగు అంటితే ఇంట్లో మొదటి రెండు ఉతుకులు ఉప్పునీళ్ళలో విడిగా తీయాలి.

వెళ్ళేటప్పుడు కొనండి, వచ్చేటప్పుడు అనుకుంటే బస్సు ఆగదు. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి, అడవి దారిలో ఫోను సిగ్నలు మీద నమ్మకం పెట్టుకోలేం.

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. యముడి పేరిట కాళేశ్వరుడు, శివుడి పేరిట ముక్తేశ్వరుడు. ముందు యముడికి, తర్వాత శివుడికి పూజ. ముక్తేశ్వర లింగానికున్న రంధ్రాల్లో పోసిన నీళ్ళు లోలోపలే సంగమానికి చేరతాయని నమ్మకం. అంత పవిత్రమనుకునే ఆ నీళ్ళలోకే కొందరు స్నానం చేసిన పాతబట్టలు వదిలేస్తారు. తడిబట్ట వదిలితే దోషం వదులుతుందంటారు గానీ, పాలిస్టరు చీర ఏళ్ళ తరబడి ఇసుకలో కూరుకుపోయి ఉంటుంది. ఆ బట్టల్ని ఉతికి ఎవరికైనా ఇస్తే పుణ్యమూ దక్కుతుంది, గోదారమ్మా చల్లగా ఉంటుంది.

ఇక ఆఖరి మాట. ఇంట్లో అత్తగారికో, అమ్మకో, ఒంటరిగా ఉంటున్న పిన్నికో చీర తీస్తుంటే వాళ్ళను వెంట తీసుకెళ్ళండి. మోకాళ్ళ నొప్పులంటే చిన్న కుర్చీ అడగండి, ఏ దుకాణంలోనైనా వేస్తారు. ఏ రంగు ఇష్టమని అడిగి, జవాబు చెప్పడానికి కాస్త సమయం ఇవ్వండి. ఎన్నాళ్ళుగానో ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు వెంటనే రాదు.